భారం నడిచే దారి

అమెరికాలో ఇండియానా రాష్ట్రమంటే కనుచూపు మేరా మొక్కజొన్న, సోయా చేలు. వేసవి వచ్చిందంటే ప్రతి కౌంటీలోనూ సంత జరుగుతుంది. పశువుల ప్రదర్శన, రంగులరాట్నం, తినుబండారాల అంగళ్లు ఎన్ని ఉన్నా, పొద్దు వాలే వేళకి జనమంతా చేరేది ఒక మట్టి బాట పక్కనే. మన దగ్గర సంక్రాంతికీ తిరునాళ్లకీ ఒంగోలు గిత్తలు బండ లాగినట్టు, అక్కడ ట్రాక్టర్లూ పికప్ ట్రక్కులూ స్లెడ్ అనే ఇనుప బండిని లాగుతాయి. మన బండ బరువు మొదట ఎంతో చివరికీ అంతే. స్లెడ్ మీద మాత్రం ఒక బరువుల పెట్టె ఉంటుంది. ట్రక్కు కదిలేకొద్దీ ఆ పెట్టె వెనక చక్రాల మీద నుంచి ముందుకు జరుగుతూ, మట్టిని ఒరుసుకునే ఇనుప పలక మీదికి చేరుతుంది. అడుగు అడుగుకీ భారం పెరుగుతుంది. 300 అడుగులు లాగితే పూర్తి లాగుడు కింద లెక్క. అంత దూరం వెళ్లేవి కొన్నే ఉంటాయి.

అలాంటి ఒక కౌంటీలో ఒక రైతు కుర్రాడు ఉండేవాడు. తండ్రి పోతూ అతనికి కొంత పొలమూ, 1996 నాటి డాడ్జ్ రామ్ ట్రక్కూ మిగిల్చాడు. ఆ ట్రక్కులో ఉన్నది కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజన్. వరసగా ఆరు సిలిండర్లు, పన్నెండు వాల్వులు, పక్కన బాష్ పంపు. ఆ కమిన్స్ కంపెనీ 1919లో అదే ఇండియానాలోని కొలంబస్ పట్నంలో పుట్టింది. ఇదే వంశపు ఇంజన్ జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్‌లో తయారై మన టాటా లారీల్లోనూ తిరిగింది. పడి ఉంటుంది, పని చేస్తుంది, అని డ్రైవర్లు నమ్మే రకం.

మొదటి వేసవిలో కుర్రాడి ట్రక్కు 210 అడుగుల దగ్గర ఆగిపోయింది. తన ఈడువాళ్ల ట్రక్కులు ఇంకా ముందుకు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి వెళ్తూనే నిర్ణయించుకున్నాడు: టర్బో మార్చాలి.

డీజిల్ ఇంజన్ లెక్క సూటిగా ఉంటుంది. ఎంత గాలి ఇస్తే అంత డీజిల్ మండించగలదు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి తొక్కుతుంది. ఆ తొక్కుడు ఒత్తిడినే బూస్టు అంటారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ ఇంజన్‌కి బూస్టు చదరపు అంగుళానికి 20 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. కుర్రాడు దాన్ని 55కి తీసుకుపోయే పెద్ద టర్బో కొన్నాడు. పంపులో డీజిల్‌ని హద్దులో ఉంచే ఫ్యూయల్ ప్లేటు పీకేశాడు. డీజిల్ ఇంకాస్త ముందుగా పడేలా టైమింగ్ కూడా జరిపాడు.

తర్వాతి సంతలో ట్రక్కు నల్లటి పొగ చిమ్ముతూ 285 అడుగులు లాగింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ రాత్రి కుర్రాడికి నిద్ర పట్టలేదు.

దాని తర్వాతి సంతలో 200 అడుగుల దగ్గరే బానెట్ కింద నుంచి తెల్లటి ఆవిరి లేచింది. రేడియేటర్ నీళ్లు పొంగి మట్టిలో కారాయి. సిలిండర్ల మీది మూత అయిన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది.

ఆ ఊరి చివర ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. కుర్రాడి తండ్రి ట్రాక్టర్లన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. కుర్రాడు ట్రక్కుని ఆయన షెడ్డుకి ఈడ్చుకొచ్చాడు.

"హెడ్డు బోల్టులు సాగిపోయాయి పెద్దాయనా. ఈసారి గట్టి స్టడ్లు వేస్తాను" అన్నాడు.

"వెయ్యి నాయనా. హెడ్డు ఆగిందనుకో, ఆ తర్వాత భారం దేని మీద పడుతుందో చూశావా?"

"పోయినప్పుడు చూద్దాంలెండి."

పెద్దాయన ఇంకేమీ అనలేదు. కుర్రాడు స్టడ్లు వేశాడు. హెడ్డు నిలబడింది. నిలబడేసరికి లోపల పుట్టిన శక్తి మొత్తం వెనక్కి వెళ్లింది. క్లచ్చి జారిపోయింది. కాలిన వాసన స్టాండులో కూర్చున్నవాళ్లకి కూడా తెలిసింది. రెండు ప్లేట్ల క్లచ్చి తెచ్చి వేశాడు. అదీ నిలబడింది. ఇప్పుడు ఇంజన్ మునుపెన్నడూ ఎక్కనంత వేగానికి ఎక్కింది. బయటికి పోయే పొగ వెనక ఒత్తిడి పెరిగిపోయి, పాత స్ప్రింగులు ఎగ్జాస్ట్ వాల్వుల్ని వేళకి మూయలేకపోయాయి. ఒక వాల్వు వెళ్లి పిస్టన్‌కి తగిలింది. పుష్‌రాడ్ వంగింది. గట్టి స్ప్రింగులు, గట్టి పుష్‌రాడ్లు తెచ్చాడు. ఆ పై సంతలో మూడో సిలిండర్‌లో పిస్టన్ అంచు కరిగి, ఇంజన్ నడిబాట మీద ఆగిపోయింది.

నాలుగుసార్లు విరిగింది. మొదటి మూడుసార్లూ విరిగిన చోట మునుపటికన్నా గట్టిది వేశాడు. పొలం మీద వచ్చిన డబ్బంతా అందులోనే పోశాడు. చివరికి షెడ్డు గుమ్మంలో కూలబడి, "ఈ ఇంజన్ పనికిరాదు పెద్దాయనా, అమ్మేస్తాను" అన్నాడు.

"పనికిరాకపోవడమేమిటి? తను ఎక్కడెక్కడ బలహీనమో నాలుగుసార్లు విడమరిచి చెప్పింది. నువ్వు ఒక్కో మాటే విని లేచి వెళ్లిపోయావు. కోతలు కానివ్వు. చలికాలంలో దీన్ని పూర్తిగా విప్పుదాం" అన్నాడు పెద్దాయన.

మంచు పడే రోజుల్లో ఇంజన్‌ని స్టాండు మీదికి ఎక్కించారు. పెద్దాయన సుద్దముక్క తీసుకుని సిలిండర్ పక్కన ఒక గుండ్రం గీశాడు.

"ఈ బోరు అడ్డకొలత 102 మిల్లీమీటర్లు. అంటే పైన సుమారు 82 చదరపు సెంటీమీటర్ల జాగా. లోపలి ఒత్తిడి 140 బార్ దాకా వెళ్లిందనుకో, ఒక్క సిలిండర్‌లోనే పదకొండు టన్నులకు పైన తోపు పుడుతుంది. అది ఎటు తోస్తుంది?"

"కిందికి. పిస్టన్‌ని."

"పైకీ అంతే తోస్తుంది, హెడ్డుని. ఇక నీ లెక్క చూడు. గేజీ మీద 20 ఉన్నప్పుడు ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి నిజానికి 35. బయటి వాతావరణం ఒత్తిడి ఒక 15 ఉంటుంది, అదీ కలపాలి కదా. గేజీ మీద 55 అంటే లోపల 70. మంట పుట్టకముందే రెండింతలు చేశావు. దాని మీద టైమింగ్ ముందుకి జరిపావు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట మొదలై ఎదురు తంతుంది. ఇంత చేసి బోల్టులు మాత్రం పాతవే ఉంచావు."

తర్వాత సుద్దతో నాలుగు బాణాలు గీశాడు. పైకి వెళ్లేది గ్యాస్కెట్, హెడ్డు, స్టడ్లు, చివరికి బ్లాకులోని మరల దాకా. కిందికి వెళ్లేది పిస్టన్, పిన్ను, కనెక్టింగ్ రాడ్, బేరింగు, క్రాంకు, క్లచ్చి, గేరుబాక్సు, ఇరుసు మీదుగా స్లెడ్ కొక్కెం దాకా. పక్కకి వెళ్లేది సిలిండర్ గోడల్లోకి. నాలుగోది వేడి: పిస్టన్ నెత్తి నుంచి వాల్వులకీ, అక్కడి నుంచి టర్బోకీ.

"శక్తి పుట్టే చోటు ఒక్కటే నాయనా. దాని భారం దిగే చోట్లు ఇన్ని. నువ్వు పుట్టే చోట నిలబడి చూస్తూ వచ్చావు. ఈసారి భారం వెనకాల నడు, నేల తగిలేదాకా."

ఆ చలికాలమంతా ఇద్దరూ భారం వెనకాలే నడిచారు.

పెద్దాయన మొట్టమొదట ముట్టుకున్నది కుర్రాడు ఊహించనిది. ఇంజన్ ముందు భాగంలో గేర్ల కవరు విప్పి, ఒక చిన్న ఉక్కు పిన్ను చూపించాడు. గేర్ల పెట్టె సరిగ్గా కూర్చోవడానికి కంపెనీ పెట్టిన పిన్ను అది. ఏళ్ల తరబడి అదురుకి వదులై బయటికి జరిగి గేర్ల మధ్య పడితే ఇంజన్ ప్రాణమే పోతుంది. అందుకే అక్కడి మెకానిక్కులు దానికి కిల్లర్ డవల్ పిన్ అని పేరు పెట్టారు. పెద్దాయన దాని నెత్తిన ఒక చిన్న ఇనుప పలక ముక్క పెట్టి బోల్టు బిగించాడు. ఇక అది ఎటూ కదలదు.

"దీనివల్ల శక్తి ఏమీ పెరగదు కదా పెద్దాయనా?"

"రవ్వంత కూడా పెరగదు. కానీ ఇది పడిపోతే మనం పెంచినదంతా పోతుంది. శక్తి పెంచని పనులే ముందు చేయాలి."

తర్వాత హెడ్డుని మెషిన్ షాపుకి పంపి, ముఖం చదునుగా కోయించారు. ప్రతి సిలిండర్ చుట్టూ సన్నటి గాడి తీయించి, అందులో స్టెయిన్‌లెస్ స్టీలు తీగ కూర్చోబెట్టారు. తీగ వెంట్రుకవాసి పైకి తేలి ఉంటుంది. హెడ్డు బిగించినప్పుడు అది గ్యాస్కెట్‌ని కొరికిపట్టి, మంట పక్కకి చీలకుండా కట్టు కడుతుంది.

కనెక్టింగ్ రాడ్లకి అయస్కాంతం పెట్టి, ఇనుప పొడి చల్లి పగుళ్లు వెతికారు. ఒక్క పగులూ కనబడలేదు. కుర్రాడు కొత్తవి కొందామన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఇవి కంపెనీ సాగగొట్టి చేసిన ఉక్కు రాడ్లు, బాగున్నాయి. బాగున్నదాన్ని బాగుందని తేల్చుకోవడం కూడా పనే. బోల్టులు మాత్రం మారుద్దాం" అన్నాడు. కంప్రెషన్ కొంచెం తగ్గించే పిస్టన్లు తెచ్చారు. వాటి కింద నుంచి నూనె చిమ్మి చల్లబరిచే నాజిళ్లు ఆరింటినీ ఒక్కొక్కటీ ఊది చూశారు. ఒకటి సగం పూడుకుపోయి ఉంది. మూడో సిలిండర్‌దే. పిస్టన్ కరిగిన సిలిండర్ అదే.

కుర్రాడు చాలాసేపు ఆ నాజిల్‌నే చూశాడు. టర్బో మీద పెట్టిన డబ్బుతో పోలిస్తే ఆ నాజిల్ ఖరీదు ఏపాటిదీ కాదు.

హెడ్డు బిగించే రోజున పెద్దాయన రెంచి కుర్రాడి చేతికిచ్చాడు. మొత్తం 26 స్టడ్లు. బోల్టుని బిగించేటప్పుడు అది ఒకేసారి మెలి తిరుగుతుంది, సాగుతుంది. తిప్పిన బలంలో కొంత మెలికకే పోతుంది. స్టడ్డు అలా కాకుండా బ్లాకులో ముందే కదలకుండా కూర్చుంటుంది. పైన నట్టు మాత్రమే తిరుగుతుంది కాబట్టి లాగుడు నిలువునా సమంగా పడుతుంది. మరలకి రాసే జిడ్డు కూడా తయారీదారు చెప్పిందే రాయాలి, లేకపోతే రెంచి చూపే అంకె అబద్ధమవుతుంది. కుర్రాడు నడుమ నుంచి మొదలుపెట్టి, చుట్లు చుట్టుకుంటూ అంచులకి వచ్చాడు. ఒకేసారి పూర్తిగా బిగించకుండా మూడు విడతల్లో బిగించాడు. ప్రతి నట్టు దగ్గరా రెంచి టక్కుమనేదాకా లాగి ఆపాడు. ఇంకొంచెం లాగుదామని చేయి పీకితే పెద్దాయన భుజం మీద తట్టాడు. "ఒక్కటి ఎక్కువ బిగిస్తే పక్కది వదులైనట్టే. అన్నీ సమంగా పట్టుకుంటేనే హెడ్డు లేవదు." ఇంజన్ నడిపి, వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మళ్లీ మొత్తం 26 సరిచూశారు.

గట్టి స్ప్రింగులు, పుష్‌రాడ్లు, రెండు ప్లేట్ల క్లచ్చి ఇదివరకు కొన్నవే పనికొచ్చాయి. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ని మార్చారు, ఎందుకంటే చల్లటి గాలి అదే ఒత్తిడిలో ఎక్కువ పడుతుంది, మంట వేడీ తగ్గుతుంది. టైమింగ్ వెనక్కి జరిపారు. ఎగ్జాస్ట్ దగ్గర వేడి కొలిచే పైరోమీటర్ పెట్టి, దాని అద్దం మీద పెద్దాయన ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు.

అన్నింటికన్నా చివర టర్బో వచ్చింది. పెద్దాయన తెచ్చింది కుర్రాడు కొన్నదానికన్నా చిన్నది. బూస్టు 40 దగ్గర ఆగుతుంది.

"ఇంత గట్టిపరిచి 40తో ఆపుతామా?" కుర్రాడి గొంతులో బాధ వినబడింది.

"55 మోయగల ఇంజన్‌ని 40 అడుగు, ఏళ్ల తరబడి ఇస్తుంది. 40 మోయగలదాన్ని 55 అడుగు, ఒక్క సాయంత్రం ఇస్తుంది. పైగా నీ పాత టర్బో నిద్ర లేచేసరికి స్లెడ్ సగం దూరం పోయేది. ఆ లోపల నల్ల పొగగా పోయిందంతా మండని డీజిలే. ఇది త్వరగా లేస్తుంది. పోసినదంతా మండుతుంది."

మరుసటి వేసవిలో ట్రక్కు పెద్దగా పొగ లేకుండా బయల్దేరింది. 300 అడుగులు లాగింది. ఆ రోజు పూర్తి లాగుడు లాగినవి మూడు. స్లెడ్ మీద బరువు పెంచి ఆ మూడింటికీ మళ్లీ పోటీ పెట్టారు. 270 అడుగుల దగ్గర పైరోమీటర్ ముల్లు ఎర్ర గీతని తాకింది. జనం అరుస్తున్నారు. కుర్రాడు కాలు ఎత్తేశాడు. రెండో స్థానం వచ్చింది. ఆ రాత్రి ట్రక్కు తన చక్రాల మీదే ఇంటికి వెళ్లింది. శరదృతువులో అదే ఇంజన్ మొక్కజొన్న నింపిన ట్రైలర్లని గోదాముకి లాగింది. మరుసటి వేసవికీ, ఆపై వేసవికీ సంతలో కనబడింది. ఏ టర్బో వేశావని అడిగిన కుర్రవాళ్లకి అతను గేర్ల కవరు లోపలి పిన్నుతో మొదలుపెట్టి, నాజిళ్లు, స్టడ్లు, తీగలు, స్ప్రింగులు అన్నీ చెప్పి, టర్బో పేరు చిట్టచివర చెప్పేవాడు.

నీతి

ఈ కథలో కుర్రాడి ఆశ తప్పు కాదు. ఉన్నదానికన్నా ఎక్కువ లాగాలనుకోవడంలో దోషమేమీ లేదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచీ 1905లో టర్బో ఆలోచనకి పేటెంటు తీసుకున్నది కూడా, పొగతో పాటు వృథాగా పోయే బలాన్ని పనికి తేవాలన్న ఆశతోనే. కుర్రాడు తడబడింది శక్తికీ భారానికీ ఉన్న బంధం దగ్గర. పెంచిన శక్తి ఒక్కచోటే పుట్టినా, దాన్ని మోసేవి లెక్కలేనన్ని. విరిగినదాన్ని మాత్రమే గట్టిపరుస్తూ పోతే బలహీనత మాయం కాదు. పక్క గదిలోకి మారుతుంది, అంతే.

ఎంత గొప్పవాళ్లకైనా ఈ నియమం ఒకటే. 1952లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలోకి కమిన్స్ కంపెనీ టర్బో ఉన్న డీజిల్ కారుని దించింది. ఫ్రెడ్ అగబాషియన్ దాన్ని అర్హత పరుగుల్లో నడిపి మొదటి వరసలో మొదటి చోటు సంపాదించాడు. 200 చుట్ల పందెంలో 71వ చుట్టు దగ్గర ఆ కారు తప్పుకోవాల్సి వచ్చింది. టర్బో గాలి పీల్చే ముఖద్వారం బాట మీది టైర్ల రబ్బరు తుక్కుతో పూడుకుపోయింది. మొదటి చోటు గెలిచిన ఆ ఇంజన్‌ని ఆపింది తుక్కు. కిల్లర్ పిన్నూ, పూడుకుపోయిన నూనె నాజిలూ చెప్పేది కూడా ఇదే. పెద్ద శక్తి ఎప్పుడూ చిన్న వస్తువుల మీద ఆధారపడి నడుస్తుంది. ఆ చిన్నవాటిని ఎవరూ పొగడరు, వాటి ముందు ఎవరూ ఈల వేయరు. అందుకే వాటిని ముందు చూసుకోవాలి.

మన ఇళ్లలో దీన్ని ఎక్కువ గుర్తుంచుకోవలసింది పిల్లల చదువు దగ్గర. ఊరి బడిలో చక్కగా చదివిన పిల్లని ఇంటర్‌కి పట్నం హాస్టల్లో చేర్పిస్తాం. మొదటి రోజు నుంచే గంటలు పెంచుతాం, పరీక్షలు పెంచుతాం, ర్యాంకు లెక్క పెంచుతాం. అది టర్బో మార్చడం. ఆ పిల్ల నిద్ర ఎన్ని గంటలు? భోజనం ఒంటికి పడుతోందా? ఇంగ్లీషులో చెప్పిన పాఠం అర్థం కాకపోతే అడిగే ధైర్యం ఉందా? మార్కులు తగ్గిన రోజున భయపడకుండా ఫోన్ చేయగలిగే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా? వీటిలో ఏదీ మార్కుని నేరుగా పెంచదు. భారమంతా దిగేది మాత్రం వీటి మీదే. ఇవి గట్టిగా ఉంటే ఆ పిల్ల చాలా మోస్తుంది. వీటిని చూడకుండా ఒత్తిడి పెంచి, పిల్ల కుంగిపోయాక పిల్లే పనికిరాదనుకోవడం, నాలుగుసార్లు మాట్లాడిన ఇంజన్‌ని అమ్మేస్తాననడం లాంటిదే.

వ్యాపారం పెంచేవాడికీ, అప్పు చేసి భూమి కొనేవాడికీ, కొత్త బాధ్యత నెత్తికెత్తుకునేవాడికీ పెద్దాయన మాట వర్తిస్తుంది. శక్తి పెంచాలనుకున్నప్పుడు ముందు దాని భారం వెనకాల నేల తగిలేదాకా నడిచి చూడు. దారిలో బలహీనమైనదాన్ని గట్టిపరచు, బాగున్నదాన్ని బాగుందని తేల్చుకో, అన్నింటినీ సమంగా బిగించు. అంతా అయ్యాక కూడా, మోయగలిగినదానికన్నా కాస్త తక్కువే అడుగు.